పేచ్చియమ్మ అడిగిన అలంకారం

తమిళదేశాన్ని ఏలిన ఒక రాజు కొలువులో మారనారు అనే పండితుడు ఉండేవాడు. కావ్యాల్లోని అలంకారాలను రకాలుగా విడగొట్టడం ఆయన పని. ఎవరు నోరు విప్పినా అదే ధ్యాస.

ఒకనాడు పేచ్చియమ్మ అనే రైతు కొలువుకొచ్చింది.

"మారాజా! మీ పూలతోట కోసమని మా కాలవ తూము మూసేశారు. ఊరు వల్లకాడైపోయింది!"

"రూపకం," అన్నాడు మారనారు.

"పశువులు దాహంతో చచ్చిపోతున్నాయి!"

"అతిశయోక్తి."

సభంతా నవ్వింది. పేచ్చియమ్మకు ఒళ్లు మండిపోయింది. నిన్ననే ఆమె తన ఆవును పూడ్చిపెట్టి వచ్చింది.

"అయ్యా పండితుడా! రాజుగారిని దయాసముద్రుడని పొగుడుతారే, అదేం అలంకారం?"

మారనారు రాజు వైపు చూశాడు. రూపకమన్నా, అతిశయోక్తి అన్నా రాజుగారి దయ ఉత్తమాటే అన్నట్టు; తల తెగుతుంది.

"అది... అలంకారం కాదు. అచ్చమైన నిజం."

"అయితే మారాజా, ఆ సముద్రంలోంచి మాకు కాలవెడు నీళ్లు వదలండి. వదలకపోతే ఈయన మీ ఎదుటే అబద్ధమాడినట్టు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రాజు తల దించుకుని తూము తెరిపించమన్నాడు. ఆమె తెలివికి మెచ్చి పట్టుచీర ఇవ్వబోయాడు. పేచ్చియమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"ఆ నీళ్లు మావే మారాజా. మావి మాకిచ్చినందుకు పండగెందుకు?" అని విసవిసా వెళ్లిపోయింది.