మునగపాడులో వాకబు

విజయవాడకు ప్యాసింజరు బండిలో ముప్పావు గంట దూరాన, మునగపాడు అనే చిన్న పట్నంలో పానకాలరావు అనే ఉద్యోగి ఉండేవాడు. ఎవరైనా తన సంగతి ఒక్కటి అడిగితే చాలు, నిజం చెప్పడం దండగ అనుకుని నోటికొచ్చిన అబద్ధం చెప్పేసేవాడు.

అతను పుట్టి పెరిగింది హైదరాబాదులో, ఎనిమిది అంతస్తుల అపార్టుమెంటులో. అక్కడ పక్క ఫ్లాటువాళ్ళ పేరు అతనికి తెలియదు, అతని పేరు వాళ్ళకూ తెలియదు. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే ఏదో ఒకటి చెప్పేవాడు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ మాట అక్కడితో సరి. విజయవాడకు బదిలీ అయ్యాక అక్కడి ఇరుకు గదులు చూసి బెదిరిపోయి, మునగపాడులో ఇల్లు తీసుకున్నాడు. ఊరు అతనికి నచ్చింది. విజయవాడలో ఒక గదికి ఇచ్చే అద్దెకు ఇక్కడ మేడ మీద పోర్షను మొత్తం దొరికింది. కిటికీ తెరిస్తే కాలవ గాలి. స్టేషనుకు నడిచి అయిదు నిమిషాలు. కొత్త సినిమా రావడానికి నెల పట్టేది, నచ్చిన చెప్పులు కొనాలన్నా విజయవాడ పోవాల్సిందే. అయినా వాటన్నిటికీ సర్దుకున్నాడు. ఆ ఊరివాళ్ళ ప్రశ్నలకు మాత్రం సర్దుకోలేకపోయాడు.

మునగపాడు వాళ్ళకు కొత్త మనిషి వివరాలు తెలియకపోతే తిన్నది అరగదు. ఏ ఊరు, ఏం ఉద్యోగం, ఎంతమంది అన్నదమ్ములు, ఈ రోజు ఏం కూర అని వరసపెట్టి అడుగుతారు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. అడక్కుండా ఊరుకుంటే ఆ మనిషిని పట్టించుకోనట్టేనని వాళ్ళ లెక్క. పానకాలరావుకు ఇది ప్రాణసంకటంగా ఉండేది.

వచ్చిన మొదటి వారంలోనే వీధి మొగలో టీకొట్టు నడిపే మస్తాన్, "సార్, పెళ్ళయిందా?" అని అడిగాడు. కాలేదంటే ఇంకో పది ప్రశ్నలు వస్తాయని భయపడి, "అయింది. ఆవిడ చెన్నైలో ఉంటుంది" అన్నాడు పానకాలరావు. మస్తాన్ మర్యాదస్తుడు కాబట్టి ఆ సంగతి ఇక కదపలేదు. పానకాలరావుకు ఉపాయం దొరికినట్టయింది.

కింది వాటాలో ఇంటి యజమానురాలు నాంచారమ్మ ఉండేది. రోజూ ఒక గిన్నెలో కూర తెచ్చి ఇచ్చి, గుమ్మంలో నిలబడి అరగంట ప్రశ్నలు వేసేది. ఒకరోజు పానకాలరావు చేతులు జోడించి, "మామ్మగారూ, డాక్టరు నన్ను కూరలు తినొద్దన్నాడండీ. కడుపులో జబ్బు" అన్నాడు.

"ఏం జబ్బు నాయనా?" అంది నాంచారమ్మ.

"పేరు చాలా పెద్దదండీ. నాకే నోరు తిరగదు" అన్నాడు పానకాలరావు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది.

మూడోవాడు ఇస్త్రీబండి ఏడుకొండలు. "ప్రతి ఆదివారం ఎక్కడికో వెళ్తారు, ఎక్కడికి సార్?" అని అడిగాడు. పానకాలరావు వెళ్ళేది విజయవాడలో మ్యాట్నీకి. కానీ ఆ మాట చెబితే ఏ సినిమా, ఎలా ఉంది అని మొదలవుతుంది. అందుకని, "ఆశ్రమానికి. త్వరలో సన్యాసం పుచ్చుకుంటున్నా" అన్నాడు గంభీరంగా.

హైదరాబాదులో అయితే ఈ మూడు అబద్ధాలూ ఒకదాని మొహం ఒకటి చూసేవి కావు. మునగపాడులో మూడు రోజులు తిరక్కుండానే మస్తాన్ కొట్టు దగ్గర కలుసుకున్నాయి. కలుసుకుని ఎంత చక్కగా అతుక్కున్నాయో! జబ్బు చేసింది, అందుకే భార్య వదిలేసి చెన్నై వెళ్ళిపోయింది, ఆ దిగులుతో పాపం సన్యాసం తీసుకుంటున్నాడు అని ఊరంతా తేల్చేసుకుంది. అంత బాధలో ఉన్నవాడిని ఇంకేమీ అడగకూడదని కూడా అనుకున్నారు. ఆ రోజునుంచి మస్తాన్ అతని టీలో పంచదార తగ్గించాడు. నాంచారమ్మ పొద్దున్నే రాగిజావ కాచి గుమ్మం ముందు పెట్టేది. ఏడుకొండలు, "కాషాయం బట్టలు తెచ్చుకున్నప్పుడు నాకే ఇవ్వండి సార్" అని మెల్లగా అన్నాడు. అతను వస్తుంటే అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. ఊరివాళ్ళకు చివరికి నాగరికత వచ్చిందని పానకాలరావు మురిసిపోయాడు. జావ అద్దెలో భాగమనుకుని రోజూ తాగేవాడు.

ఇలా రెండేళ్ళు హాయిగా గడిచాయి. అప్పుడు విజయవాడలో ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు హైమావతి, హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళిచూపుల్లో ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఆమె సూటిగా అడిగేది, నవ్వొస్తే దాచుకోకుండా నవ్వేది. చిత్రం ఏమిటంటే, ఆమె అడిగిన ప్రతిదానికీ పానకాలరావు నిజమే చెప్పాడు. ఆమె ఏమనుకుంటుందోనన్న బెంగ ఉంది గానీ, ఆమెతో అబద్ధం చెప్పాలని అతనికి తోచనే లేదు. ఇంటికి వస్తూ రైల్లో తనలో తనే నవ్వుకున్నాడు. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలి అనుకున్నాడు. హైదరాబాదులో అతని అమ్మానాన్నా సరేనన్నారు. హైమావతికీ అతను నచ్చాడు.

ఇక మిగిలింది వాకబు. మనవైపు ఇది మామూలే. పిల్లనిచ్చేముందు పెద్దవాళ్ళలో ఒకరు చెప్పాపెట్టకుండా అబ్బాయి ఉండే ఊరు వెళ్ళి, టీకొట్టు దగ్గర నిలబడి, నలుగురినీ కదిపి వస్తారు. హైమావతి మేనమామ బుచ్చిరామయ్య ఆ పనికి బయల్దేరాడు. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాడు. టికెట్టు లేనివాణ్ణి మొహం చూసే పట్టేవాడు.

మస్తాన్ కొట్టులో టీ చెప్పి, "ఆ మేడ మీద ఉండే పానకాలరావుగారు ఎలాంటి మనిషి?" అని అడిగాడు.

"బంగారం లాంటి మనిషండీ" అన్నాడు మస్తాన్. "ఎవర్నీ పల్లెత్తు మాటనరు. ఆ చెన్నై ఆవిడ వచ్చేస్తే ఎంత బావుండును!"

"ఏ ఆవిడ?"

"భార్యండీ."

బుచ్చిరామయ్య టీ గ్లాసు పక్కన పెట్టాడు. పక్కనే బండి పెట్టుకున్న ఏడుకొండలు ఇస్త్రీ ఆపి, "ఎక్కడొస్తుంది లెండి. సార్ సన్యాసానికి అన్నీ సిద్ధం చేసుకుంటుంటే" అన్నాడు. ఈలోగా నాంచారమ్మ పాలకోసం అటు వచ్చింది. సంగతి విని, "డాక్టర్లు చేతులెత్తేశారు నాయనా. నా జావ మీదే బతుకుతున్నాడు" అని ముక్కు చీదింది. బుచ్చిరామయ్య టీ సగంలో వదిలేసి, వచ్చిన బండి ఎక్కేశాడు.

సాయంత్రం పానకాలరావుకు ఫోను వచ్చింది. "ఏమయ్యా, భార్య ఉంది, రోగం ఉంది, రేపో మాపో సన్యాసం ఉంది. మధ్యలో మా పిల్ల ఎందుకయ్యా నీకు?" అన్నాడు బుచ్చిరామయ్య.

పానకాలరావు అదిరిపడ్డాడు. "అవన్నీ అబద్ధాలండీ!"

"ఎవరు చెప్పిన అబద్ధాలు?"

"నేను చెప్పినవేనండీ" అన్నాడు పానకాలరావు.

"మరి ఇప్పుడు చెప్పేది నిజమని నాకెట్లా తెలియాలి?" అని బుచ్చిరామయ్య ఫోను పెట్టేశాడు.

పానకాలరావు మండిపడుతూ మస్తాన్ కొట్టుకు వెళ్ళాడు. తప్పు తనదైనప్పుడు కోపం ఎదుటివాడి మీదికి పోవడం లోకంలో కొత్తేమీ కాదు. "నా పెళ్ళి చెడగొట్టారు కదయ్యా! పరాయివాడికి నా గురించి అవన్నీ ఎందుకు చెప్పారు?" అని అరిచాడు.

మస్తాన్ నొచ్చుకున్నాడు. "మీరు చెప్పిందే చెప్పాం సార్. మా సొంత ముక్క ఒక్కటైనా కలిపామా?" అన్నాడు.

పానకాలరావు అక్కడే బెంచీ మీద కూలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. పెళ్ళాం లేదు, జబ్బు లేదు, ఆశ్రమం లేదు. విన్నవాళ్ళు నవ్వాలో తిట్టాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు ఆదివారం పొద్దున్నే నాంచారమ్మ దగ్గరికి వెళ్ళి ఆవిడకూ చెప్పాడు.

నాంచారమ్మ కాళ్ళు ముందుకు చాపి చూపించింది. "ఈ మోకాళ్ళు చూడు. నీ పేరుగల స్వామే కదా అని మంగళగిరి కొండ మెట్లెక్కి నీకోసం మొక్కుకుని వచ్చాను. ఏ మెట్టు మీద కూర్చుంటే లేవగలనో లేదో తెలియకుండా ఎక్కాను. నాకు చెప్పడానికి నీకు ఒక్క నిజం దొరకలేదట్రా?" అంది.

పానకాలరావుకు ఏడుపు వచ్చేసింది. పెళ్ళి తప్పిపోయిందని కాదు, ఆ మెట్లు తలుచుకుని ఏడ్చాడు. హైదరాబాదు లిఫ్టులో పలకరించినవాళ్ళెవరూ తనకోసం ఒక్క మెట్టు ఎక్కి ఉండరని అతనికి బాగా తెలుసు. నాంచారమ్మ అతన్ని తృప్తిగా తిట్టి, తర్వాత కూర్చోబెట్టి గుత్తివంకాయ కూరతో అన్నం పెట్టింది. అన్నం తింటూ అతను హైమావతి గురించి కూడా చెప్పాడు.

అంతే. అతన్ని ఒక్కమాట అడక్కుండా నాంచారమ్మ, మస్తాన్, ఏడుకొండలు మర్నాడు సాయంత్రం ప్యాసింజరు ఎక్కి హైమావతి ఇంట్లో దిగారు. చిన్న ఊళ్ళో ఇదే చిక్కు, మన పనిలో ఎవరు తలదూర్చాలన్నా మన అనుమతి అక్కర్లేదు.

"అమ్మాయ్, అతనికి భార్య లేదు, జబ్బు లేదు, సన్యాసం లేదు. ఉన్నదల్లా అబద్ధాల రోగం ఒక్కటే" అంది నాంచారమ్మ.

"అది చాలదా?" అన్నాడు బుచ్చిరామయ్య.

హైమావతికి నవ్వు ఆగలేదు. నవ్వడం అయ్యాక, "మామ్మగారూ, నాకూ భయంగానే ఉంది. మూడు నెలలు చూద్దాం. మీ ఊళ్ళో ఎవరేమడిగినా ఆయన నిజమే చెప్పాలి. తర్వాత మావయ్య మళ్ళీ వాకబుకు వస్తాడు. అప్పుడు ఆలోచిస్తాను" అంది.

ఆ మూడు నెలలూ పానకాలరావు పడ్డ పాట్లు చెప్పతరం కాదు. సంగతి తెలిసి ఊరంతా పండగ చేసుకుంది. స్టేషను దాకా నడిస్తే ఇరవై ప్రశ్నలు. "ఏం కూర సార్?" అంటే, "మాడిన బెండకాయ" అనాలి. "జుట్టుకు రంగా?" అంటే, "అవును" అనాలి. ఆదివారం కునుకు తీస్తుంటే లేపి మరీ అడిగేవాళ్ళు. అతనికి ఒళ్ళు మండేది, అయినా చెప్పేవాడు. చెప్పగా చెప్పగా ఇంకోటి కూడా జరిగింది. బెండకాయ మాడకుండా ఎలా వేయించాలో ఎదురింటావిడ వచ్చి నేర్పింది. నడుం నొప్పి అంటే మస్తాన్ తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి సైకిలు మీద తీసుకెళ్ళాడు. పోను పోను పానకాలరావు కూడా ఎదుటివాళ్ళను అడగడం మొదలుపెట్టాడు.

చెప్పిన రోజుకు బుచ్చిరామయ్య వచ్చి టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పండి, ఎలాంటివాడు?"

"గురక పెడతారండీ, ఎదురింటికి వినపడుతుంది" అన్నాడు మస్తాన్. "బల్లి కనపడితే కుర్చీ ఎక్కుతారు. క్యారమ్స్‌లో ఓడితే రెండు రోజులు మొహం ముడుచుకుంటారు."

"చొక్కా జేబులు చూసుకోరండీ. రైలు పాసు కూడా ఇస్త్రీ చేసేశాను" అన్నాడు ఏడుకొండలు.

నాంచారమ్మ వచ్చి కూర్చుంది. "కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తాడు. మొన్న నాకు జ్వరం వస్తే సెలవు పెట్టి ఆసుపత్రిలో కూర్చున్నాడు. కుదురుగా కూర్చున్నాడా? ఏం మందు, ఎందుకు, ఎన్ని రోజులు అని నర్సు ప్రాణం తీశాడు. నన్ను ఇంటికి తీసుకొచ్చేదాకా తను అన్నం తినలేదు" అంది.

అలా గంటన్నర గడిచింది. ఇంకా ఇద్దరు ముగ్గురు చెప్పడానికి వరసలో నిలబడ్డారు. బుచ్చిరామయ్య, "చాలు బాబోయ్" అని చేతులెత్తి, మేనకోడలికి ఫోను చేశాడు. "అమ్మాయ్, ఇతని గురించి ఇక్కడ తెలియనిది ఏమీ లేదు. వీళ్ళు ఒక్కటీ మెరుగులు దిద్ది చెప్పలేదు, ఒక్కటీ దాచలేదు. అయినా అందరికీ ఇతనంటే ఇష్టంగానే ఉంది. ముహూర్తం పెట్టించనా?" అన్నాడు.

"ఆ గురక సంగతి నిజమేనా అని ముందు ఆయన్నే అడుగు మావయ్యా" అంది హైమావతి.

బుచ్చిరామయ్య ఫోను తీసుకెళ్ళి, అందరి వెనక నిలబడి వింటున్న పానకాలరావు నోటి దగ్గర పెట్టాడు. కొట్టు ముందు ఉన్నవాళ్ళంతా మాటలాపి అతనికేసి చూశారు. పానకాలరావు చెవులు ఎర్రబడ్డాయి. "నిజమేనండీ. ఒక్కోరోజు నా గురకకు నేనే లేస్తాను" అన్నాడు.

అవతలినుంచి హైమావతి నవ్వు కొట్టు ముందున్న అందరికీ వినపడింది. నవ్వు ఆపుకుని, "పెట్టించు మావయ్యా" అంది.

కాబట్టి వినండి: అడిగేవాళ్ళ బెడద వదిలించుకోవడానికి అబద్ధం చెబితే, అవసరమైన రోజున మన గురించి మంచి చెప్పే నోళ్ళను కూడా పోగొట్టుకుంటాం, చిన్న ఊరైనా పెద్ద నగరమైనా, మన నిజం తెలిసినవాళ్ళే మనకు అండ.