రేచుకుక్కల టేకాకు ముసుగులు

అనగనగా ఒక అడవి. ఏ అడవి, ఎక్కడుంది అని మాత్రం అడక్కండి పిల్లలూ. పేరు చెబితే పది అడవుల రాజులు "మా గురించేనా?" అంటూ నా మీదికి వస్తారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళకి ఏ కాలంలోనూ కొదవ లేదు.

ఆ అడవికి ఒక సింహం రాజు. అడవి మధ్యలోంచి ఒక వాగు పారేది. జంతువులన్నీ ఆ నీళ్ళే తాగేవి. ఒక ఏడాది సింహానికి జలకాలాడాలని కోరిక పుట్టింది. సింహాలు జలకాలాడతాయా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. ఆడవు. కానీ అధికారం ముదిరితే లేని సరదాలన్నీ వస్తాయి. వాగుకు ఎగువన అడ్డంగా బండరాళ్ళు వేయించి, సింహం ఒక మడుగు కట్టించుకుంది. దిగువన వాగు ఎండిపోయింది.

ఎండలు ముదిరేసరికి జంతువులు గొణగడం మొదలుపెట్టాయి. సేనాపతి దుమ్ములగొండి పరుగున మడుగు దగ్గరికి వచ్చింది.

"దొరా, నీళ్ళేమయ్యాయని అందరూ అడుగుతున్నారు."

"ఏం చెబుదాం?" అంది సింహం, నీళ్ళలోంచి తల మాత్రం పైకెత్తి.

"బయటివాళ్ళు తాగేశారని చెబుదాం దొరా."

ఆడలేక మద్దెల ఓడు అనడమంటే ఇదే. రెండేళ్ళ కిందట అవతలి కొండ మీద కరువొచ్చి, కొన్ని కుటుంబాలు ఈ అడవికి వచ్చి బతుకుతున్న మాట నిజమే. కానీ వాగులో రాళ్ళు వేసింది వాళ్ళు కాదు కదా!

ఆ సాయంత్రమే దుమ్ములగొండి బండెక్కి చాటింపు వేసింది.

"అందరూ వినండి! అడవిలో చొరబడ్డ బయటివాళ్ళని పట్టి కొండకింద గోతిలో వేస్తాం. మన రేచుకుక్కలు రోజుకు పదిమందిని పట్టాలి. పనిలో ఉన్నప్పుడు అవి ముఖాలకు టేకాకులు కట్టుకుంటాయి. టేకాకు కట్టుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడక్కూడదు. అడిగినవాడు కూడా బయటివాడే!"

"మంచిపనికి ముఖం దాచుకోవడం దేనికండీ?" అని ఒక కుందేలు అడిగింది. పొద్దుగూకేలోగా ఆ కుందేలు గోతిలో ఉంది.

మిగతా జంతువులు ఏం చేశాయి? ఏమీ చేయలేదు. "మనల్ని కాదుగా" అనుకున్నాయి. దుప్పులైతే కాళ్ళు నేలకేసి కొట్టి సంతోషం కూడా చూపించాయి. నాకిప్పటికీ ఆ దుప్పుల మీద కోపమే.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజుకి రేచుకుక్కలకి సరిపడా బయటివాళ్ళు దొరకలేదు. అయినా లెక్క లెక్కే కదా. పది కావాలి. అందుకని ముందు ఎండిన వాగుగట్టు మీద ఉన్న కొక్కెరని పట్టుకున్నాయి.

"నేనిక్కడి కొక్కెరనే!" అంది అది.

"నీకు రెక్కలున్నాయి. రెక్కలున్నవాడు ఎక్కడినుంచో ఒకచోటినుంచి వచ్చే ఉంటాడు. పద."

తరవాత ముసలి తాబేలుని పట్టుకున్నాయి.

"నువ్విక్కడే పుట్టావని చెప్పే సాక్షి ఎవరు?"

"నాకు నూట ఇరవై ఏళ్ళు నాయనా. నేను పుట్టినప్పుడు చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు."

"సాక్షి లేదట! అయితే బయటివాడే." అడవిలో అందరికంటే ముందు పుట్టిన తాబేలు అలా బయటిదైపోయింది.

ఇంక ఒక్కటి తక్కువ. ఆ ఒక్కటి వరాలు అనే అడవిపంది.

వరాలు నిజంగానే బయటినుంచి వచ్చింది. ఆ మాట మీ దగ్గర దాచను. కరువు కొండ దిగి వచ్చింది, ఈమధ్యే ఐదుగురు పిల్లల్ని కంది. వాగు ఎండినప్పటినుంచి ఇసుకలో ముట్టెతో చెలమలు తవ్వుతోంది. ఎక్కడ తవ్వితే నీరు పడుతుందో దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అడవంతా ఆ చెలమల్లోనే తాగుతోంది. రేచుకుక్కలూ అక్కడే తాగుతున్నాయి, అందుకే అప్పటిదాకా దాని జోలికి పోలేదు.

ఆ పొద్దున నాలుగు టేకాకులు చెలమ దగ్గరికి వచ్చాయి.

"రండన్నా, నీళ్ళు ఇప్పుడే తేటపడ్డాయి," అంది వరాలు.

నాలుగూ ఆకులు కాస్త పైకెత్తి, కడుపునిండా తాగాయి. మూతులు తుడుచుకున్నాయి. అప్పుడు ఒకటి అంది, "ఇక పద."

"ఎక్కడికన్నా? పొదలో ఐదుగురు పసిపిల్లలున్నారు. పాలు తప్ప ఇంకేం ఎరగరు. ఒక్కసారి పాలిచ్చి నేనే వస్తాను. కావాలంటే వెంట రండి."

"మాకు పొద్దుపోతుంది," అంది ఆ కుక్క. నాలుగూ కలిసి వరాలుని ఈడ్చుకుపోయాయి. తాగిన నీళ్ళ తడి ఇంకా వాటి మూతుల మీదే ఉంది. ఛీ!

ఆ పొద పక్కనే జడలవ్వ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. పిల్లల ఏడుపు విని వచ్చింది. తేనె నాకించబోతే పిల్లలు నోరు తెరవలేదు. అవ్వ తిన్నగా గోతి దగ్గరికి నడిచింది.

"ఒరే, వరాలుని వదలండి. పిల్లలు పాలకి ఏడుస్తున్నారు."

"నేను పట్టలేదవ్వా. పట్టినవాణ్ణి అడుగు," అంది కాపలా కుక్క.

"ఎవడు పట్టాడు?"

"ముఖానికి ఆకుంది కదా, నాకేం తెలుసు?"

రెండో రోజు అవ్వ దుమ్ములగొండి దగ్గరికి వెళ్ళింది.

"ఎవరో ఆకులు కట్టుకుని చేసిన పనికి మావాళ్ళని అంటావేం? టేకుచెట్లు నావా?" అంది దుమ్ములగొండి. "పో ముసలీ, పో."

మూడో రోజు మడుగుకే వెళ్ళింది. సింహం మెడలోతు నీళ్ళలో కళ్ళు మూసుకుని ఉంది.

"దొరా, ఇంక ఆగితే పిల్లలు దక్కరు."

"బయటివాళ్ళని పట్టమన్నాను గానీ, ఆ పందినే పట్టమన్నానా? సేనాపతిని అడుగు."

"పట్టింది తనవాళ్ళు కాదని సేనాపతే అన్నాడు దొరా."

"అంటే ఎవరూ పట్టలేదన్నమాట," అంది సింహం. "ఎవరూ పట్టనిదాన్ని నేనెలా వదిలిపెట్టను?"

ఆ తెలివికి దండం పెట్టాలి పిల్లలూ. దూరంనుంచే పెట్టాలి.

అవ్వ తిరిగి వచ్చేసరికి అయిదింట్లో చిన్నది చచ్చిపోయింది. దానికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఇది మీకు చెప్పాలని నాకు లేదు. కానీ ఇది దాచిపెడితే నేను కూడా ముఖానికి ఆకు కట్టుకున్నట్టే.

అవ్వ ఆ పసికూనని తెచ్చి, తవ్వే వరాలు లేక ఇంకిపోయిన చెలమ పక్కన పడుకోబెట్టింది. నీళ్ళకని వచ్చిన జంతువులు ఒక్కొక్కటే అక్కడ ఆగిపోయాయి. చెలమలో బురద తప్ప ఏమీ లేదు.

"మొదటిరోజే మనం అడగాల్సిందవ్వా," అంది ఒక దుప్పి. దాని తల కిందికే ఉంది.

"ఏడుపులు తరవాత," అంది అవ్వ. "కోతులు ఎక్కడ? టేకుచెట్లెక్కి ఆకులు దింపండి. ఏనుక్కి పెద్దవి చూడండి."

మర్నాడు పొద్దున అడవి అడవంతా ముఖాలకి టేకాకులు కట్టుకుని బయల్దేరింది. జింకలు, కోతులు, నెమళ్ళు, ఎవరిని చూసినా ఆకే. ఏనుగు కూడా కట్టుకుంది. తొండం కిందికి వేలాడుతూనే ఉంది, చెవులు చేటల్లా ఊగుతూనే ఉన్నాయి. అయినా చట్టం ప్రకారం అదెవరో ఎవరికీ తెలియదు!

గోతి దగ్గర ఒక రేచుకుక్క అడ్డం వచ్చింది. "ఎవరు మీరు?"

"అడుగుతున్నావా?" అంది ఏనుగు.

కుక్క నాలిక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. చట్టమంటే ప్రాణం పెట్టే తోటి కుక్కలు రెండు దాన్ని పట్టుకుని, "అడిగినవాడు బయటివాడే" అని గోతిలోకి తోసేశాయి. ఏనుగు ఒక మాను తెచ్చి గోతిలోకి వాల్చింది. దాని మీదుగా కుందేలు, కొక్కెర, తాబేలు, మిగతావాళ్ళంతా పైకొచ్చారు.

వరాలు ఎవరి ముఖమూ చూడకుండా పొద దగ్గరికి పరుగెత్తింది. పడుకుని పాలిచ్చింది. ఒకసారి చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"అవ్వా, చిన్నదేది?"

అవ్వ పక్కన కూర్చుని చెప్పింది. వరాలు పిల్లల కడుపులు నిండేదాకా కదలలేదు. తరవాత లేచి, నాలుగు పిల్లల్నీ వెంటబెట్టుకుని మడుగు వైపు నడిచింది.

అక్కడ అప్పటికే ఏనుగు బండరాళ్ళు ఒక్కొక్కటే లాగేస్తోంది. నీళ్ళు దిగువకి పారుతున్నాయి. రాజుని కాపాడాలని రేచుకుక్కలు వచ్చాయి గానీ, ఆకుల్లో తమవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలియక ఒకదాన్నొకటి కరుచుకుంటున్నాయి. సింహం మోకాటిలోతు బురదలో నిలబడి గర్జించింది.

"ఎవర్రా మీరంతా? తియ్యండి ఆ ఆకులు!"

"అందరమా దొరా?" అంది జడలవ్వ నెమ్మదిగా.

"అందరూ! ఒక్క ముఖానికి ఆకుంటే ఊరుకోను!"

రాజాజ్ఞ అయ్యాక ఇంకేముంది? అందరూ తీసేశారు. రేచుకుక్కలూ తీయాల్సి వచ్చింది. ఆకుల వెనక రాక్షసులెవరూ లేరు పిల్లలూ. రోజూ చెలమ దగ్గర కనబడే కుక్కలే.

వరాలు ఒక కుక్క ముందు ఆగింది. గొంతు గుర్తుపట్టేంతగా దానికి రోజూ నీళ్ళిచ్చింది. "నువ్వా అన్నా?"

ఆ కుక్క తోక ముడిచి, "సేనాపతి చెప్పాడు" అంది.

"దొరగారు చెప్పారు," అంది దుమ్ములగొండి వెంటనే.

అందరూ సింహం వైపు తిరిగారు. సింహం గొంతు సవరించుకుంది. "పొరపాటు జరిగిపోయింది."

"జరిగిపోయింది సరే. ఎవరివల్ల జరిగింది దొరా?" అంది వరాలు.

"విచారణ చేయిస్తాం. సేనాపతిగారే స్వయంగా విచారిస్తారు."

అడవి నవ్వలేదు, అరవలేదు. ఏనుగు కూర్చుంది. దుప్పులు కూర్చున్నాయి. కుందేలు అందరికంటే ముందుకొచ్చి కూర్చుంది. "అడుగుతున్నాం దొరా, ఎవరివల్ల?" అని అది ఒకసారి అడిగింది. మళ్ళీ అడిగింది. ఈసారి దాన్ని పట్టుకోవడానికి ఒక్క కుక్కా కదల్లేదు. మడుగు పూర్తిగా ఖాళీ అయింది. బురద ఎండి సింహం కాళ్ళకి పెచ్చులు కట్టింది. నడినెత్తిన ఉన్న ఎండ కొండ అంచుకి జారింది. ఎవరూ లేవలేదు.

చివరికి సింహం నేలచూపులు చూస్తూ అంది, "నావల్ల."

దుమ్ములగొండిని ఆ రోజే పదవినుంచి తీసేశారు. ఎవరినైనా పట్టుకోవాలంటే ముఖం చూపించి, పేరు చెప్పి, కారణం చెప్పాలని అడవి తీర్మానించింది. "ఇంకేం వరాలూ, రాజే ఒప్పుకున్నాడుగా, సంతోషమేనా?" అని దుప్పి అడిగింది.

"ఆ ఒక్క మాట మూడు రోజుల ముందు అనుంటే," అంది వరాలు, "నాకు ఐదుగురు పిల్లలుండేవారు."

నాలుగు పిల్లల్నీ తీసుకుని పొద వైపు వెళ్ళిపోయింది.

నీతి: ముసుగు వేసుకుని వచ్చేది న్యాయం కాదు, మొదటివాణ్ణి పట్టుకెళ్ళిన రోజే అడగాలి, చేయించినవాడు "నావల్ల" అనేదాకా అడుగుతూనే ఉండాలి.