పదమూడో ఎక్కానికి ఒక మడత

ఆ సాయంత్రం వకుళకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఓహాయోలో ఆమె పనిచేసే బడిలో ఎక్కాలు వల్లె వేయించడం ఉంచాలా, తీసేయాలా అని తల్లిదండ్రుల ముందు వాదన. ఓడితే రేపటి నుంచి ఆమె క్లాసులో ఎక్కాల పాట బంద్. ఎదుటిపక్షం ట్రూడీ టీచరు. "అర్థం కాకుండా అప్పజెప్పితే అది చిలక పలుకే" అంటుంది ఆవిడ.

సభకు ముందు వకుళ తన గురువు సౌదామిని గారి గదిలోకి దూసుకొచ్చింది. ఆ బడిలోనే లెక్కలు చెప్పీ చెప్పీ తల నెరిసిన మనిషి ఆవిడ. వకుళకు పాఠం చెప్పడం నేర్పిందీ ఆవిడే.

"మేడమ్, ఇవాళ ట్రూడీ చిత్తు చిత్తే! నా పిల్లలు పదమూడో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఆవిడ పిల్లలేమో ఇంకా బొమ్మలు గీసుకుంటూనే ఉంటారు."

"నీకొచ్చా మరి?"

"భలేవారే! నాకు రాకుండానే నేర్పానా?"

"అయితే చెప్పు. పదమూడు ఏళ్ళెంత?"

వకుళ పెదవులు చకచకా కదిలాయి. "తొంభై ఒకటి!"

"ఎక్కణ్ణించి బయల్దేరావు?"

వకుళ నాలుక్కరుచుకుంది. "పదమూడు ఒకట్ల నుంచి."

"పక్కవీధికి పోవడానికి ఊరంతా చుట్టొచ్చావన్నమాట."

సౌదామిని గారు సొరుగులోంచి గళ్ళ కాగితం తీశారు. పొడవు పదమూడు గళ్ళు, వెడల్పు ఏడు గళ్ళు ఉండేలా ముక్క కత్తిరించారు. పొడవులో పదో గడి దగ్గర మడత పెట్టి, విప్పి, వకుళ ముందుకు తోశారు.

వకుళ వంగి చూసింది. మడతకు ఇటు డెబ్బై గళ్ళు. అటు ఇరవై ఒకటి.

"అమ్మో!" కుర్చీ వెనక్కి పడేంత ఊపుగా లేచింది. "ఇంతేనా! ఇన్నాళ్ళూ పాడాను గానీ ఒక్కసారీ చూళ్ళేదే! మేడమ్, ట్రూడీ చెప్పిందే నిజం. వెళ్ళి ఎక్కాలొద్దనే చెప్పేస్తాను!"

"అటు ఇరవై ఒకటని ఎలా తెలిసింది? గళ్ళు లెక్కపెట్టావా?"

"లెక్కపెట్టడమెందుకండీ, మూడేళ్ళు ఇరవై..."

అదీ ఎక్కంలోదేనని తట్టి, వకుళ మళ్ళీ కాగితం మీదికి వంగింది.

సౌదామిని గారు అంతే కొలతలో ఇంకో ముక్క కత్తిరించి, ఈసారి మడవకుండా ఆమె చేతికిచ్చారు.

"పద, టైమైంది."

హాల్లో రెండు మైకులు. ఉంచాలనేవాళ్ళు ఒకదాని ముందు, తీసేయాలనేవాళ్ళు ఇంకోదాని ముందు బారులు తీరారు. వకుళ పేరు పిలిచారు. ఆమె ఏ మైకు దగ్గరికీ పోలేదు. నేరుగా ట్రూడీ దగ్గరికెళ్ళి కాగితం చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"పదమూడు ఇంటూ ఏడు. మీకెక్కడ తేలికైతే అక్కడ మడవండి."

ట్రూడీ అనుమానంగా చూసింది. కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి మడిచింది. గురువుగారిలా పదో గడి దగ్గర కాదు, ఏడో గడి దగ్గర.

"ఏదీ, ఏదీ, ఇటివ్వండి!" అంది వకుళ, మైకు అక్కర్లేనంత గట్టిగా.