అడగని మాట

సాలూరులో నలభై ఏళ్లుగా పిల్లల వైద్యం చేస్తున్న విశాలాక్షిగారు శిష్యుల ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఒకనాటి మధ్యాహ్నం, ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న మృదుల విసుగ్గా వచ్చి కూర్చుంది.

“యాంటీబయాటిక్ రాస్తే చాలు మేడమ్, ప్రతి తల్లికీ సందేహాలే. కడుపు పాడవుతుందేమో, పిల్ల నీరసించిపోతుందేమో, వేయకపోతే ఏమవుతుందని. వీళ్లను ఎలా నమ్మించాలి?”

విశాలాక్షిగారు పైడమ్మ అనే ఆవిడ గురించి చెప్పారు.

విశాలాక్షిగారు కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజులవి. వానాకాలం కావడంతో బయట జనం కిక్కిరిసి ఉన్నారు. పైడమ్మ ఏడాదిన్నర కూతురిని చంకనేసుకుని వచ్చింది. పిల్లకు ఉత్త జలుబు. నాలుగు రోజులు ఆగితే దానంతటదే పోతుంది. ఆ సంగతి వివరించే ఓపిక లేక విశాలాక్షిగారు యాంటీబయాటిక్ సిరప్ రాశారు.

“ఈ మందు ఏస్తేగానీ తగ్గదాండీ? మా పెద్దదానికి ఇలాంటిదే ఏస్తే విరేచనాలై వారం రోజులు అన్నం ముట్టలేదు” అంది నిలబడే ఉన్న పైడమ్మ.

“డాక్టరు నువ్వా, నేనా?” అన్నారు విశాలాక్షిగారు.

పైడమ్మ చీటీ తీసుకుని వెళ్లిపోయింది. మందు కొనలేదు. పిల్లకు జలుబు తగ్గిపోయింది.

ఆ చలికాలంలో అదే పిల్లకు జ్వరం, ఆయాసం వచ్చాయి. ఈసారి న్యుమోనియా. పైడమ్మ వేరే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లింది. ఆయన సరైన మందే రాసి, అయిదు రోజులూ తప్పకుండా తాగించమన్నారు. పైడమ్మ తల ఊపింది. ఇంటికి వెళ్లి, సీసా మూతైనా తీయకుండా గూట్లో పెట్టేసింది. మూడో రోజుకు పిల్ల డొక్కలు ఎగరేస్తుంటే పెద్దాసుపత్రికి పరుగెత్తారు.

కబురు తెలిసి విశాలాక్షిగారు చూడటానికి వెళ్లారు. పిల్ల ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి ఉంది. తల్లి ఆ చిన్న పాదాన్ని అరచేతిలో దాచుకుని ఉంది.

“భయముంటే ఆ డాక్టరుగారిని ఒక్క మాట అడగొచ్చు కదమ్మా?”

“అడగకూడదేమో అనుకున్నానండి” అంది పైడమ్మ, కోపమేమీ లేకుండా. “మిమ్మల్ని అడిగాను కదా.”

పిల్ల పదిహేను రోజులకు కోలుకుంది. ఆ తర్వాత విశాలాక్షిగారు రెండుసార్లు వాళ్ల పేటకు వెళ్లారు. ఇంటికి తాళం. పని వెతుక్కుంటూ ఎటో వెళ్లిపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ పిల్లకు ఈపాటికి పిల్లలుండే వయసు. అయినా చంటిబిడ్డనెత్తుకుని కొత్త మనిషి ఎవరొచ్చినా, ఆ ముఖంలో పైడమ్మ పోలికలు వెతుకుతూనే ఉంటానని చెప్పారు.

మృదుల అడిగింది. “ఆవిడ ఇప్పుడు వస్తే ఏం చెబుతారు మేడమ్?”

“చెప్పడం తర్వాత సంగతి” అన్నారు విశాలాక్షిగారు. “ముందు కూర్చోమంటాను.”