నక్క ఉపన్యాసానికి వన్స్ మోర్

ఎర్రగుట్ట కింద జంతువుల పేటకి చుట్టూ ముళ్లకంచె, దానికి ఒకటే తడిక. ఆ తడికకి ఏడాది పొడుగునా ఎవరు కాపలా కాయాలో ఆ పేటవాళ్లు ఎలా తేల్చేవారో చెబితే మీరు నవ్వుతారు. నాటకం ఆడి తేల్చేవారు. కండబలమూ చూడరు, కంటిచూపూ చూడరు. నాటకంలో ఎవడు బాగా మాట్లాడితే వాడికి తడిక అప్పగించేవారు. తాతలనాటి నుంచీ అంతే, అడిగేవాడెవడు?

నాటకం పేరు ‘ఏనుగురాజు నిర్యాణం’. కథ చిన్నదే. ముసలి ఏనుగురాజు చచ్చిపోతాడు. శవం ముందు నిలబడి మొదట సేనాపతి, తర్వాత మంత్రి, రాజ్యం నాకివ్వండంటే నాకివ్వండని ఉపన్యాసం ఇస్తారు. పాటలు పాతవే గానీ ఉపన్యాసాలు మాత్రం ఎవరివి వాళ్లే అల్లుకోవాలి. చివర్లో చూసేవాళ్లంతా లేచి, నచ్చినవాడి వెనక నిలబడతారు. ఎవడి వెనక ఎక్కువమంది చేరితే వాడికి నాటకంలో రాజ్యం, పేటలో తడిక.

పదకొండేళ్లుగా సేనాపతి వేషం కుక్క భైరన్నది. మంత్రి వేషం వేసే గాడిద వీరాసామి నోరు విప్పితే జనం చెవులు మూసుకునేవారు కాబట్టి భైరన్నే గెలుస్తూ వచ్చాడు. ఈ ఏడు వీరాసామికి గొంతు పట్టేసింది. ఆ వేషం నేను కడతానంటూ గుట్ట మీది నుంచి నక్క చలమయ్య దిగాడు. మాంసం మానేసి మూడు నెలలైందని కనపడ్డవాడికల్లా చెప్పుకున్నాడు, వాళ్ల గోడులూ అడిగి తెలుసుకున్నాడు. పేటపెద్ద, ఎద్దు కోటయ్య, కాస్త నసిగాడు. కానీ వేషం కడతానన్నవాణ్ణి కాదనే ఆచారం ఆ పేటలో లేదు.

గొర్రె బొల్లమ్మ నెల్లాళ్ల పిల్లని పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. కిందటేడు ఆమె పెద్దపిల్ల మాయమైంది. ఆ రోజు తడిక దగ్గర భైరన్న నిద్రపోయాడు. అప్పటినుంచీ బొల్లమ్మ అతని మొహం చూడలేదు. ఇప్పుడు ఈ చిన్నది కూడా పోతే తను బతకదు. తడిక ఎవరికి దక్కుతుందన్నది మిగతావాళ్లకి వినోదం, ఆమెకి ప్రాణసంకటం.

పొద్దు వాలుతుండగా నాటకం మొదలైంది. మట్టిదిబ్బ మీద గోనెపట్టా కప్పి రాజుగారి శవం అన్నారు. భైరన్న తలపాగా సర్దుకుంటూ వచ్చాడు. తను సేనాపతినన్న సంగతి రెండో మాటకే మర్చిపోయాడు.

“రాజుగారు పోయారు. ముసలితనం. ఇక కంచె సంగతి. తూర్పున మూడు కంతలున్నాయి. రెండు పూడ్చాను. మూడోదానికి కంప చాల్లేదు, రేపు నలుగురు రండి. కిందటేడు కాపలాలో రెండుసార్లు నిద్రపోయాను. ఒకసారి పిల్ల పోయింది. తప్పు నాదే. అంతే.”

వెనక ఎవరో పెద్దగా ఆవలించారు. బొల్లమ్మకి ఒళ్లు మండింది. ‘పిల్ల పోయిందట! పేరు కూడా పలకలేకపోయాడు’ అనుకుంది.

తర్వాత చలమయ్య వచ్చాడు. “నాకు మాట్లాడటం రాదండీ,” అని మొదలుపెట్టి అరగంట మాట్లాడాడు.

“వీరాసామి బావా, నీ వీపు మీద పుండు ఎలా ఉందని ఈ ఏడాదిలో ఒక్కడైనా అడిగాడా?”

“లేదు,” అన్నాడు వీరాసామి బొంగురుగా.

“కోటయ్య తాతా, ఈ పేట బరువంతా మోసింది నువ్వు. ఏనాడైనా నీకు ముందు మేత పెట్టారా?” కోటయ్య ముక్కు చీదాడు. “భైరన్నని నేనేమీ అనను. మంచివాడు. మంచివాడికి మాత్రం నిద్ర రాదా? ఆ నిద్రలో ఒక పిల్ల పోయిందట. పిల్ల! దానికో పేరుంది. జాజి! ఆ పేరు పెట్టుకున్న తల్లి ఇక్కడే ఉంది. బొల్లమ్మ చెల్లెమ్మా, నీ కడుపుకోత...”

గొంతు పూడుకుపోయింది. ముందుకాళ్లు రెండూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

బొల్లమ్మ బావురుమంది. పేటంతా ఆమెతో కలిసి ఏడ్చింది. ఏడుస్తూనే లేచి చలమయ్య వెనక్కి కదిలారు. గొర్రెల సంగతి చెప్పేదేముంది, ఒకటి లేచేసరికి వరసంతా లేచింది.

బొల్లమ్మ కూడా లేచింది గానీ అడుగు పడలేదు. ఏడాదిగా ఎవరి నోటా వినని పేరు అది. ఇంకొక్కసారి వినాలనిపించింది.

“వన్స్ మోర్!” అని అరిచింది.

వన్స్ మోర్ అన్నాక ఆడి తీరాలి, అది నాటకం ధర్మం. చలమయ్య మీసం దువ్వుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి బొల్లమ్మ కళ్లు ఆరి ఉన్నాయి. ‘కడుపుకోత’ దగ్గర గొంతు సరిగ్గా అక్కడే పూడుకుంది. కాళ్లు సరిగ్గా అప్పుడే మొహానికి లేచాయి. ఆ కాళ్ల సందులోంచి ఒక కన్ను, ఎవరెవరు ఏడుస్తున్నారో చూసుకుంటోంది.

బొల్లమ్మ కూర్చుని నెమరు వేయసాగింది. ‘వీరాసామి పుండు, తాత మేత, నా జాజి. అన్నీ మా గోడులే, మాకే తిరిగి వినిపించాడు. తడిక దగ్గర తను చేసేదేమిటో ఒక్క ముక్క అన్నాడా? ఆ కుక్క మాటలు మోటువే, కానీ అన్నీ వెళ్లి చూసుకోదగ్గవి. తన తప్పు కూడా దాచలేదు.’ భైరన్న మీద కోపం మాత్రం అలాగే ఉంది.

“తాతా, ఇంకో వన్స్ మోర్,” అంది. “ఈసారి ఆయన మాటలు ఈయన, ఈయన మాటలు ఆయన చెప్పాలి.”

“అలా ఎక్కడైనా ఉందా?” అన్నాడు కోటయ్య.

“వన్స్ మోర్ కాదనకూడదని ఉంది కదా? ఎలా అడగాలో ఎక్కడా లేదు.”

భైరన్న బిక్కమొహం వేసుకుని నక్క ఉపన్యాసం అప్పజెప్పాడు. “వీరాసామి బావా, పుండు ఎలా ఉందని అడిగాడా. తాతా, మేత పెట్టారా.” పేటంతా పడీపడీ నవ్వింది.

“ఏడుపు తీసేస్తే ఇందులో ఏముందిరా?” అన్నాడు కోటయ్య.

“దానికో పేరుంది,” అన్నాడు భైరన్న. “జా...” ఆ పేరు పూర్తికాలేదు. తల దించుకుని నిలబడిపోయాడు. నవ్వులు ఆగాయి. భైరన్న మాట అలా తెగిపోవడం నాటకం కాదని బొల్లమ్మకి తెలిసింది. ఏడాది తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

చలమయ్య ముందుకొచ్చాడు. “ఎవరి మాటైనా నా నోట పడితే దాని అందమే వేరు, చూడండి. తూర్పున మూడు కంతలున్నాయి!” ముందుకాళ్లు చాచాడు. “మూడేనా? ఈ కాపలావాడికి కనపడనిది ఇంకోటుంది! ఉత్తరాన, తంగేడు పొద వెనక! మెడ వంచి, ఎడమ భుజం ముందు పెట్టి దూరితే ఒంటికి ఒక్క ముల్లు గుచ్చుకోదు! నోట్లో బరువున్నా సరే!”

చప్పట్ల కోసం ఆగాడు. ఎవరూ కొట్టలేదు.

“ఏ భుజం ముందు పెట్టాలన్నావు అన్నా?” అని మెల్లిగా అడిగింది బొల్లమ్మ.

చలమయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. “అదీ... పాత్రలో లీనమైపోయానమ్మా.”

వీరాసామి అప్పటికే తంగేడు పొద వైపు పరిగెత్తాడు. ముళ్లకి చిక్కుకున్న ఉన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తెలుపూ నలుపూ కలిసిన ఉన్ని. పేటలో ఆ రంగు జాజి ఒక్కదానిదే, ఎవరూ చెప్పక్కర్లేదు. బొల్లమ్మ దాన్ని చాలాసేపు వాసన చూసింది. అప్పుడు లేచి వెళ్లి భైరన్న వెనక నిలబడింది. ఆమె వెనక మిగతా గొర్రెలు, ఆ వెనక పేటంతా.

“నేను నిద్రపోయిన మాట నిజమేనమ్మా,” అన్నాడు భైరన్న.

“తెలుసు. ఇకమీదట నిద్రొస్తే నన్ను పిలువు, నేను కూర్చుంటాను. మాట్లాడేటప్పుడు మాత్రం దాన్ని పేరుతో తలుచుకో.”

“తలుచుకుంటాను,” అన్నాడతను.

భైరన్న తడిక బార్లా తీశాడు. “దయచేయండి మంత్రిగారూ. తీసేవాణ్ణి ఇంకా నేనే.”

చలమయ్య తోక ముడిచి బయటికి దూకాడు. కంచె చుట్టూ తిరిగి తంగేడు పొద దగ్గరికి చేరేసరికి అక్కడ నలుగురు నిలబడి కంతలో కంప కుక్కుతున్నారు. మాట్లాడబోయి, వాళ్లెవరూ చెవిన పెట్టకపోతే, గుట్టెక్కి వెళ్లిపోయాడు.

నీతి: మనల్ని ఏడిపించిన మాటని, కళ్లు తుడుచుకున్నాక ఇంకోసారి విని గానీ నమ్మకూడదు.