నూకరత్నం పడవ

ఇందుశ్రీకి ఓడిపోవడం చేతకాదు. ఓడిపోవడం ఇష్టంలేనివాళ్ళు లోకంలో బోలెడుమంది ఉంటారు, వాళ్ళ సంగతి వేరు. ఈ అమ్మాయికి అసలు అది చేతనే కాదు.

విశాఖపట్నంలో ఉద్యోగం. ఆదివారం వస్తే చాలు, ఆమె గదిలో బల్ల మీద ఏదో ఒక ఆట పరిచి ఉండేది. వైకుంఠపాళీ, కేరమ్స్ లాంటివి కావు, ఇప్పటి ఆటలు. మందపాటి పెట్టెల్లో వస్తాయి. ఒక పటం, కట్టలకొద్దీ కార్డులు, చెక్కబిళ్ళలు, చదవడానికే ఓ పూట పట్టే నియమాల పుస్తకం. రేవులు కట్టాలి, పొలాలు వేయాలి, అవతలివాడు ఏం చేస్తాడో ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

మొదట్లో స్నేహితులు ఎగబడి వచ్చారు. తర్వాత ఒకరికి తలనొప్పి, ఒకరికి ఇంటికి చుట్టాలు, ఇంకొకరికి ఏ కారణమూ లేకుండానే తీరికలేదు. చివరికి బల్ల ముందు ఇందుశ్రీ ఒక్కతే మిగిలింది. వీళ్ళకి బుర్ర వాడాలంటే బద్ధకం, అనుకుని పెట్టె మూసేసింది. తనలో ఏదైనా లోపముందేమో అన్న అనుమానం మాత్రం పొరపాటున కూడా రాలేదు.

అనకాపల్లి అవతల జీడితోటల మధ్య కొండ మీద ఒక చిన్న బౌద్ధ విహారం ఉంది. వానాకాలంలో భిక్షువులు ఊళ్ళు తిరక్కుండా ఒకేచోట ఉండిపోవాలి, అది వాళ్ళ నియమం. ఆ రోజుల్లో కొందరు గృహస్థులు కూడా వచ్చి అక్కడ ఉండి ధ్యానం నేర్చుకుంటారు. ఆ ఏడు ఇందుశ్రీ సెలవు పెట్టి వచ్చింది. బట్టల సంచీతో పాటు ఒక ఆట పెట్టె కూడా మోసుకొచ్చింది.

ఆ పెట్టె దగ్గరే గొడవ మొదలైంది.

విహారం మంచిచెడ్డలు చూసేది ధర్మారావుగారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. పచ్చజెండా కన్నా ఎర్రజెండా ఊపడమే ఆయనకి ఎక్కువ అలవాటని కొండ మీద అందరూ అంటారు.

“ఏంటమ్మా ఇది?”

“ఆటండి. మధ్యాహ్నాలు వాన పడుతుంటే ఊరికే కూర్చునే బదులు ఆడుకోవచ్చని తెచ్చాను.”

“ఊరికే కూర్చోడానికే కదమ్మా నువ్వు ఇక్కడికొచ్చింది?”

ఇందుశ్రీ ఊరుకునే రకమా. మాటా మాటా పెరిగి ఇద్దరూ గురువు దగ్గరికి వెళ్ళారు. ఆయన పేరు విమలబోధి. అందరూ భంతే అని పిలుస్తారు. అప్పుడాయన వసారాలో కూర్చుని చిరిగిన చీవరం, అంటే భిక్షువులు కప్పుకునే కాషాయం, కుట్టుకుంటున్నాడు.

“ఇది జూదం కాదు భంతే,” అంది ఇందుశ్రీ. “పాచికలు లేవు, అదృష్టం మీద వదిలేసేది దాదాపు లేదు. ఒకర్నొకరు ఓడించుకోవడం కూడా లేదు. ముగ్గురం ఒక పక్క, ఏరు ఒక పక్క. ఒక్కొక్కళ్ళకి ఒక ఊరు, ఒక పడవ. వరద వస్తుంటే గట్లు వేసుకుంటూ, జనాన్ని దాటిస్తూ పోవాలి. ఒక్క ఊరు మునిగినా ముగ్గురం ఓడినట్టే. కలిసి బతకడం నేర్పుతుంది ఇది. పిల్లలాట అని కొట్టిపారేసేవాళ్ళకి దీని సంగతేం తెలుసు?”

ఆ చివరి మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది.

“భిక్షువులకి ఆటలు నిషేధమా కాదా, మీరే చెప్పండి భంతే,” అన్నాడు ధర్మారావు.

“నాకు నిషేధమే. నీకు కాదు. నువ్వు కూడా కూర్చుని ఆడు.”

ధర్మారావు మొహం చూడాలి. అయినా గురువు మాట కాదనలేక, ఒక మెలిక పెట్టాడు. “అలాగే. కానీ ఆదివారం దాకా చూస్తాను. ఆ రోజు ఆటలో ఓడామంటే మాత్రం పెట్టె కొండ దిగాలి.”

“పెట్టె దిగితే నేనూ దిగుతాను,” అంది ఇందుశ్రీ. “అయినా మనం ఓడిపోం.”

భంతే సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాడు.

మూడో మనిషి నూకరత్నం. అనకాపల్లిలో బెల్లం కొట్టు నడిపి, కొట్టు కొడుకుకి అప్పజెప్పి, కొండెక్కిన మనిషి. భిక్షుణిగా కాకుండా గృహస్థుగానే దీక్ష తీసుకున్నప్పుడు కొత్త పేరు పెట్టుకోమంటే, పాత పేరుకి ఏటొచ్చింది అని అడిగింది. ఆ పేరే ఉండిపోయింది.

రోజూ మధ్యాహ్నం వసారాలో ఆట. భంతే వాళ్ళకి వీపు పెట్టి కూర్చుని కుట్టుపని చేసుకునేవాడు. “అటు చూడకూడదు, సరే. చెవులు మూసుకోమని ఎవరూ చెప్పలేదు,” అన్నాడు.

ఆట మొదలైతే ఇక ఇందుశ్రీయే. “అక్కడ కాదు పెద్దమ్మా, పడవ ఇటు పంపు.” “ధర్మారావుగారూ, ఆ కార్డు ఇప్పుడు వేయకండి.” “గట్టు పైన కాదు, కింద.” రెండో రోజుకల్లా చెప్పడం కూడా మానేసింది. వాళ్ళ పడవలు తనే జరిపింది, వాళ్ళ చేతిలో కార్డులు తనే తీసి వేసింది. ఎవరి వంతు వచ్చినా చెయ్యి మాత్రం ఆమెదే.

రోజూ గెలిచారు. ధర్మారావు తన వంతు వచ్చేదాకా పేపరు చదువుకునేవాడు, వచ్చాక కూడా చదువుకునేవాడు. నూకరత్నం చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీసేది.

శనివారం ఆట ముగిశాక ఇందుశ్రీ గర్వంగా అంది. “చూశారా భంతే, ఇవాళా గెలిచాం.”

“చూడలేదు, విన్నాను. ఒక్క గొంతే వినబడింది. మిగతా ఇద్దరూ లేచి వెళ్ళిపోయారనుకున్నాను.”

ఇందుశ్రీకి చుర్రుమంది. “వాళ్ళకి వదిలేస్తే మునిగిపోతాం భంతే. తప్పు చేస్తున్నారని నాకు కళ్ళముందు కనబడుతుంటే, చేతులు ముడుచుకుని చూస్తూ కూర్చోమంటారా? ఊరు మునిగిపోతున్నా సరేనా?”

“బాగానే అడిగావు,” అని ఆయన బట్ట మడతపెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

జవాబు చెప్పలేకపోయాడు, అనుకుంది ఇందుశ్రీ. గురువుగారి మీద కూడా గెలిచినట్టే లెక్క.

మర్నాడు ఆదివారం. విహారంలో రోజుకి ఒక్కటే భోజనం. మధ్యాహ్నం గంట కొట్టేలోపు అయిపోవాలి. గంట కొట్టాక మళ్ళీ తెల్లారేదాకా మెతుకు ముట్టకూడదు. భిక్షువులకే కాదు, కొండ మీద ఉన్నన్నాళ్ళు అందరికీ అదే కట్టుబాటు.

ఆ రోజు గుమ్మడికాయ పులుసు, ముద్దపప్పు, కొత్తావకాయ. పొద్దుటినుంచి జీడాకులు ఊడ్చి ఊడ్చి ఇందుశ్రీకి ఆకలి దంచేస్తోంది. పళ్ళెం ముందు కూర్చుని పప్పులో ఆవకాయ కలిపింది. ముద్ద ఎత్తబోతే ఎదురుగా పాదాలు కనిపించాయి.

భంతే ఖాళీ భిక్షాపాత్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

భిక్షువు అడగడు, నిలబడతాడంతే. ఇస్తే పుచ్చుకుంటాడు, ఇవ్వనిది తాకడు. అలా నిలబడ్డ మనిషిని కాదనడం ఆ కొండ మీద ఎవరూ ఎరగరు.

“భంతే, మీకు లోపల వేరే పెట్టించాం,” అంటూ ధర్మారావు పరుగెత్తుకొచ్చాడు. ఆయన అటు చూడనేలేదు.

ఇందుశ్రీ రెండు ముద్దలు పాత్రలో వేసింది. పాత్ర కదల్లేదు. సగం వేసింది. కదల్లేదు. పళ్ళెం మొత్తం వంచేసింది. అప్పుడాయన అక్కడే, ఆమె ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టాడు. తొందర లేదు. ప్రతి ముద్దా నమిలి నమిలి తిన్నాడు. ఆవకాయ టెంక కూడా వదల్లేదు. వంటింట్లోకి పోయి ఇంకో పళ్ళెం తెచ్చుకుందామంటే, గురువు ఎదుట తింటుంటే మధ్యలో లేవడం ఎలా?

గంట కొట్టారు.

ఆయన పాత్ర కడుక్కుని, చెయ్యి తుడుచుకున్నాడు. “పులుసు అద్భుతంగా ఉంది. నీకంటే నాకు తినడం బాగా వచ్చు. నువ్వయితే గబగబా మింగేసి పాడుచేసేదానివి.”

ఇందుశ్రీ తన ఖాళీ పళ్ళెం వైపు చూసింది.

“కడుపు నిండిందా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గురువైతే మాత్రం, ఇదెక్కడి న్యాయం? మనిషి తిండి లాక్కుని తిని, పైగా వెక్కిరింపా? సంచీ సర్దుకుని అప్పుడే వెళ్ళిపోదామనిపించింది. కానీ ఆట ఉంది. గెలిచి, ఈ కొండ మీద అందరి ముందూ ఆ పెట్టెని నిలబెట్టి, అప్పుడు తేల్చుకుందాం అనుకుంది.

నూకరత్నం గ్లాసు పట్టుకుని వచ్చింది. “బెల్లం నీళ్ళు తాగొచ్చులే, తప్పు లేదు. తాగు గుంటా.”

“వద్దు.”

“కళ్ళు తిరిగి పడిపోతావు.”

“పడితే పడతాను పెద్దమ్మా. నా కడుపు, నా ఇష్టం.”

“సర్లే,” అని నూకరత్నం ఆ నీళ్ళు తనే తాగేసింది.

వాన అందుకుంది. వసారాలో పటం పరిచారు. భంతే ఎప్పటిలాగే వీపు పెట్టి కూర్చున్నాడు. నీరసానికి ఇందుశ్రీ మొదట పెద్దగా మాట్లాడలేదు. ఆ సందులో మిగతా ఇద్దరూ తమ పడవలు తామే జరుపుకున్నారు. కొన్ని బాగానే ఆడారు, కొన్ని చూస్తే ఆమెకి ప్రాణం చివుక్కుమంది. అయినా ఆట చివరిదాకా వచ్చింది. ఇంకొక్క వరద కార్డు తీయాలి. దాన్ని తట్టుకుంటే గెలుపు.

నూకరత్నం వంతు. ఆమె పడవ ఎటు వెళితే ఆ ఊరు ఒడ్డెక్కుతుంది. రెండో ఊరు ఏటి దయ. పైన ధర్మారావు ఊరు, కింద ఇందుశ్రీ ఊరు.

ఇందుశ్రీకి ఆలోచించాల్సిన పనే లేదు. పైఊరి కార్డులన్నీ ఎప్పుడో వచ్చేశాయి. ఇక వచ్చేది కిందికే. పడవ కిందికి రావాలి, అంతే. ఏ సందేహమూ లేదు.

“పైనే ఎక్కువ కురిసింది, మళ్ళీ పైకే వస్తాది,” అంటూ నూకరత్నం పడవ మీద వేలు పెట్టింది.

“కిందకి పంపు, కిందకి. ఈ అమ్మాయి ఊరు ఇప్పటికే సగం నీళ్ళల్లో ఉంది,” ధర్మారావు పేపరు ఎక్కడో పారేసి మోకాళ్ళ మీదికి లేచాడు.

“ఏటయ్యా నీ గోల? నా పడవ, నా ఇష్టం.”

అప్పటికే ఇందుశ్రీ చెయ్యి పటం మీదికి వచ్చేసింది. వేళ్ళు పడవని దాదాపు తాకాయి.

ఖాళీ కడుపు గుర్రుమంది. అందరికీ వినబడేంత గట్టిగా.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆమె ఒకసారి భంతే వీపు వైపు చూసింది. ఆయన కుట్టుకుంటూనే ఉన్నాడు. ఇందుశ్రీ చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ పోతుందేమోనని దాని మీద కూర్చుంది.

“ఎటు పంపుతావు పెద్దమ్మా?” అని అడిగింది. ఆమె అలా అడగడం అదే మొదలు.

“పైకి.”

“సరే.”

ధర్మారావు కార్డు తిప్పాడు. వరద కిందికి వచ్చింది. ఇందుశ్రీ ఊరు మునిగిపోయింది.

“ఓలమ్మా, నీ ఊరు ముంచేసేనే పిల్లా,” అని నూకరత్నం నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ధర్మారావు ఆమె మీద విరుచుకుపడ్డాడు. చెప్తే విన్నావా అన్నాడు. నువ్వు మొదట్లోనే గట్టు కింద ఎయ్యకుండా ఏం చేస్తన్నావు అని ఆమె తగులుకుంది. వసారా అంతా వాళ్ళ గొంతులే. వాన చప్పుడు కూడా వినబడలేదు.

కాసేపటికి ధర్మారావుకి పందెం గుర్తొచ్చింది. కొంచెం మొహమాటంగానే పెట్టె మూత దగ్గరికి లాక్కున్నాడు. “మాటంటే మాటే కదమ్మా. ఓడితే దిగాలనుకున్నాం.”

ఇందుశ్రీ రెండు చేతులూ పటం మీద పరిచింది.

“ఇవ్వను.”

“అదేంటి, నువ్వే కదా ఒప్పుకున్నావు?”

“ఒప్పుకున్నాను. ఓడాం. అయినా పెట్టె దిగదు, నేనూ దిగను. వారం రోజుల్లో మనం ముగ్గురం ఆడిన ఆట ఇవాళ్టిదొక్కటే ధర్మారావుగారూ. రేపు మళ్ళీ ఆడతాం.”

“రేపూ ఓడిపోతే?”

“ఎల్లుండి ఆడతాం.”

ధర్మారావు మూత చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. “భంతే, మీరైనా చెప్పండి.”

ఆయన ఇటు తిరగలేదు. దారం పళ్ళతో కొరికి, ముడి వేశాడు.

“రేపు నా భిక్ష లోపలే పెట్టించు ధర్మారావూ. ఆమె పళ్ళెం ఆమెకి వదిలేద్దాం.”