వెనిస్‌లో మెత్తటి కుర్చీ

కొల్లేటి కొంగ మంగతాయి వెనిస్ చూసొస్తానంటే, ఒంటరి ఆడదానివి ఎలా వెళ్తావంటూ సరస్సు పెద్దలు బాతు వీర్రాజును తోడు పంపారు. ఆ తోడును కనిపెట్టుకుని ఉండడమే దారి పొడుగునా ఆమె పనయింది.

ఊరంతా నీళ్ళు, నీళ్ళలో మేడలు. మంగతాయి కళ్ళతోనే కడుపు నింపుకుంది. వీర్రాజు మాత్రం పెద్ద కూడలిలో హోటల్ కనబడగానే ఆగిపోయాడు. గుమ్మంలో హోటల్ యజమాని నక్కయ్య నడుం వంచి నిలబడ్డాడు.

“దొరగారూ, తమలాంటి పెద్దమనుషుల కోసమే ఈ మెత్తటి కుర్చీ.”

“చూశావా చెల్లెమ్మా మర్యాదంటే,” అంటూ వీర్రాజు చతికిలబడ్డాడు. మంగతాయి పక్కనే ఒంటికాలి మీద నిలబడి తింది. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది నిలబడి తినడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటే.

చేపలు అయిపోయాక నక్కయ్య కత్తెరతో వచ్చాడు.

“రెక్క ఈకలిప్పించండి దొరగారూ.”

“ఈకలెందుకు?”

“చేపలు ఉచితం. కుర్చీకి ఈకలు. నిలబడి తిన్నవాళ్ళకు ఏమీ లేదు.”

“ముందే చెప్పలేదేం?”

“తమరు అడగలేదు.”

వీర్రాజు రెక్కలు దగ్గరికి ముడుచుకున్నాడు. ఈకలు పోతే కొల్లేరు చేరేదెలా? అంతకుముందు అలా కూర్చున్న పిట్టలు, ఎగరలేక, వెనక గదిలో గిన్నెలు తోముకుంటున్నాయి.

గడప దగ్గర నిలబడి గింజలు తింటున్న ఊరి పావురాన్ని మంగతాయి అడిగింది. “నిజంగానే మీ ఊరి పద్ధతా, వదినా?”

“పద్ధతే. అందుకే మేమెవరమూ కూర్చోం. కుర్చీ చూపించేది మీలాంటి కొత్తవాళ్ళకే.”

నక్కయ్య కత్తెర నూరుకోవడానికి అటు తిరిగాడు. “అన్నయ్యా, మాట్లాడకుండా లేచి నిలబడు,” అని మంగతాయి గొణిగింది. వీర్రాజు కుర్చీ మీదే లేచాడు. బాతు కాళ్ళు ఎంతని?

“నక్కయ్యా, మా అన్నయ్య ఇప్పుడు కూర్చున్నాడా, నిలబడ్డాడా?”

“కనబడ్డం లేదా? కూర్చునే ఉన్నాడు.”

“కాస్త చూసి చెప్పు.”

“చూసే చెప్తున్నా. హాయిగా చతికిలబడ్డాడు.”

“అన్నయ్యా, నడువు.”

వీర్రాజు ఉన్నవాడు ఉన్నట్టే కుర్చీ చివరిదాకా నడిచాడు. కూడలిలో పిట్టలన్నీ గొల్లున నవ్వాయి.

“ఇందాక కూర్చున్నాడు కదా,” అన్నాడు నక్కయ్య.

“నిలబడ్డవాణ్ణి కూర్చున్నాడన్న నోటితోనే చెప్తున్నావు. నమ్మేదెవరు?”

పక్క బల్ల దగ్గర హంసమ్మ లేచింది. “అయితే నేనూ నిలబడే తిన్నాను.” మరో బల్ల లేచింది, ఇంకో బల్ల లేచింది. చివరికి కత్తెర పట్టుకుని, ఖాళీ కుర్చీల మధ్య నక్కయ్య ఒక్కడే మిగిలాడు.

వెనక గదిలోంచి గిన్నెలు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. “మా ఈకలో?” అంది ఒక బోసిరెక్కల పిట్ట.

“మళ్ళీ మొలుస్తాయమ్మా. అవి మొలిచేదాకా నడిచి ఊరు చూద్దాం, రండి,” అంది మంగతాయి.

నీతి: మర్యాదగా కూర్చోబెట్టేవాణ్ణి ముందుగా వెల అడగడం అమర్యాద కాదు.